అమ్మ ముందు చెప్పలేని నొప్పి

ఇది రాయమని నన్నెవరూ అడగలేదు. మా ఆవిడ అయితే "రాస్తే రాసుకో, నా పేరు మాత్రం మార్చు" అంది. మార్చాను. ఇందులో ఆమె పేరు మంజుల. నా పేరు సింహాద్రి అనే ఉంచేశాను. మా వైపు వీధికి నలుగురుంటారు ఆ పేరుతో. ఎవడో ఏంటో ఎవరికి తెలుస్తుంది!

నాకు సికిల్ సెల్ ఉంది. పుట్టుకతో వచ్చే రక్తం జబ్బు. గుండ్రంగా ఉండాల్సిన ఎర్ర కణాలు కొడవలిలా వంగిపోయి సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. ఎక్కడ ఇరుక్కుంటే అక్కడ నొప్పి. ఎముకల్లో, నడుములో, ఛాతీలో వచ్చే నొప్పి గురించి అందరం మాట్లాడుకుంటాం. ఇంకొక చోట కూడా వస్తుంది. దాని గురించి నన్ను అడిగినవాళ్ళు లేరు, నేను చెప్పుకున్నవాళ్ళూ లేరు. ముప్ఫై ఏళ్ళు దగ్గర పడేదాకా దానికీ వైద్యముందని కూడా తెలీదు నాకు. తెలియకపోవడం వల్ల నా కాపురం దాదాపు పోయింది. ఇప్పుడు కాస్త తేరుకున్నాను కాబట్టి రాస్తున్నాను. సిగ్గు పోయిందనుకునేరు, పోలేదు. సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

పెళ్ళికి ముందు

మాది పార్వతీపురం. నాన్న బస్సు డిపోలో మెకానిక్, అమ్మ అంగన్‌వాడీలో పనిచేసేది. నా చిన్నతనమంతా అమ్మ చంకలోనూ, విశాఖపట్నం బస్సుల్లోనూ గడిచింది. చలిగాలి తగలనిచ్చేది కాదు, వానలో తడవనిచ్చేది కాదు. వేసవిలో కూడా వేణ్ణీళ్ళే పోసేది. చల్లదనం తగిలితే మాకు నొప్పులు లేస్తాయి.

డాక్టరు గదిలో రోగి స్టూలు మీద నేను, పక్కన నిలబడి అమ్మ. డాక్టరు నన్ను అడుగుతాడు, అమ్మ చెప్తుంది. "రాత్రల్లా కాళ్ళు పీకేసేయండి బాబుకి. నిన్నట్నుంచి అన్నం ముట్టలేదండి. విరేచనం సాఫీగా అయిందండి." నాకు మీసాలొచ్చాయి, ఇంజనీరింగ్ అయింది, బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. అమ్మ ఆర్నెల్లకోసారి రైలెక్కి వచ్చి మరీ నా విరేచనం గురించి ఇక్కడి డాక్టరుకి చెప్పేది. నవ్వకండి. మా రక్తం డాక్టరు దగ్గర వెయిటింగ్ హాల్లో ఎప్పుడైనా కూర్చుని చూడండి. గడ్డాలున్న మగాళ్ళు, పక్కన టిఫిన్ డబ్బాలతో వాళ్ళ అమ్మలు. లోపలికి పిలిస్తే ముందు అమ్మ లేస్తుంది. ప్రాణాలు పోకుండా కాపాడుకొచ్చిన తల్లులు వాళ్ళు, తప్పుపట్టే మొహం నాకు లేదు. కానీ అమ్మ వింటుండగా ఏ కుర్రాడు నోరు విప్పి ఆ మాట చెప్తాడు?

నాకు మొదటిసారి వచ్చింది ఇంటర్ హాస్టల్లో. తెల్లారుజామున మెలకువ వచ్చేసరికి కింద గట్టిపడి ఉంది. ఆ వయసులో ఎవరికైనా మామూలే కదా అనుకుంటారు. ఇది అది కాదు. కోరిక లేదు, కలా లేదు. దుప్పటి తగిలితే ప్రాణం పోతోంది. అటు తిరిగినా ఇటు తిరిగినా దిగదు. ఏదో పాపం చేశాననుకున్నాను. బాత్రూంలోకి పోయి తొట్టిలో నీళ్ళు చెంబుతో పోసుకున్నాను, గడగడ వణికాను, కాసేపటికి తగ్గింది. దానంతటదే తగ్గిందో, నీళ్ళకి తగ్గిందో ఎవడికి తెలుసు? నాకు మాత్రం చన్నీళ్ళే దీనికి మందని బుర్రలో పడిపోయింది. ఒళ్ళంతటికీ శత్రువైన చన్నీళ్ళు ఆ ఒక్కచోటికి మందెలా అయ్యాయో అన్న ఆలోచన రాలేదు. నెలకోసారో రెండు నెలలకోసారో వచ్చేది. నేనూ నా చెంబూ చూసుకునేవాళ్ళం.

వైశాఖం, జ్యేష్ఠం

మంజుల మా ఆఫీసే. ఎలక్ట్రానిక్ సిటీలో మా బ్లాకు కింది అంతస్తులో జీతాల సెక్షన్. వాళ్ళది బెంగళూరులోనే యలహంక. తాతల కాలంలో హిందూపురం వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. నాన్న లేడు. అమ్మ నారాయణమ్మగారు బ్లౌజులు కుట్టి ఈమెని చదివించింది. నాకు జబ్బుందని పరిచయమైన మొదటి నెలలోనే చెప్పాను. మంజుల నేను అడగకముందే తన రక్తం పరీక్ష చేయించుకుని, తన రక్తంలో ఆ లక్షణం లేదని, అంటే పిల్లలకి ఈ జబ్బు రాదని కాగితం తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. అంత ధైర్యం ఉన్న మనిషి. వాళ్ళ మేనమామ మాత్రం "రక్తంలోనే రోగముండేవాడికి పిల్లనిస్తారా ఎవురన్నా?" అని పెళ్ళికి రాలేదు.

పెళ్ళయ్యాక హెబ్బగోడిలో రెండో అంతస్తులో ఇల్లు తీసుకున్నాం. అప్పటి నుంచి నొప్పి వారానికోసారి, తర్వాత రోజు విడిచి రోజు రావడం మొదలుపెట్టింది. పక్కన కొత్త పెళ్ళాం. చెంబు పట్టుకుని బాత్రూంలో ఎంతసేపని కూర్చుంటాను? ఆమె లేవకముందే మెల్లగా మంచం దిగి, లైటు కోసం ఫోను పట్టుకుని, మేడ మీదకి పోయేవాడిని. అక్కడ కుళాయి ఉంది. నీళ్ళు పోసుకోవడం, అటూ ఇటూ నడవడం, మెట్లెక్కి దిగడం. తగ్గాక కిందికి వచ్చి దొంగలా దుప్పట్లో దూరడం.

"యాడికి పోయింటివి?" అని ఒక రోజు అడిగింది.

"వాకింగ్."

"ఇంత చీకట్లోనా?"

"డాక్టరు నడవమన్నాడు."

"ఫోను ఎత్తుకొని నడవమన్నాడా?"

నేను నవ్వేసి ఊరుకున్నాను. రాత్రుళ్ళు కూడా ఆమెకి దూరంగా జరిగేవాడిని. దగ్గరైతే తెల్లారేసరికి నొప్పి వస్తుందని భయం. తలనొప్పనీ, ఆఫీసు పని ఉందనీ ఏదో ఒకటి చెప్పేవాడిని. కొన్నాళ్ళకి మంజుల అడగడం మానేసి అటు తిరిగి పడుకోవడం మొదలుపెట్టింది. పెళ్ళయి రెండు నెలలు కాలేదు. ఆమె అటు తిరిగితే నాకు బాధ కలగాలి కదా, హమ్మయ్య ఇవాళ్టికి గండం గడిచింది అనిపించేది. అంత అధ్వాన్నంగా తయారయ్యాను.

ఆషాఢం

కొత్తగా పెళ్ళయిన పిల్ల ఆషాఢమాసం అత్తింట్లో ఉండకూడదు, పుట్టింటికి పోవాలి. ఆ నెల అత్తా అల్లుడూ ఒకరి గడప ఒకరు తొక్కకూడదు. మా అత్తింటివాళ్ళకి ఇందులో రాజీ లేదు. యలహంక, హెబ్బగోడి ఒకే ఊరు కదండీ అంటే, "ఊరొకటైతే ఏమప్పా, ఆషాఢం ఆషాఢమే" అంది నారాయణమ్మగారు ఫోన్లో. మంజుల నెల రోజులూ ఇంటి నుంచే పనిచేస్తానని మేనేజరుకి చెప్పుకుంది.

నిజం చెప్తున్నాను, నాకు పండగే అనిపించింది. నెల రోజులు ఎవరికీ భయపడకుండా నొప్పి పడొచ్చు! ఆమె సర్దుకుంటుంటే పట్టుచీరలు, సర్టిఫికెట్ల ఫైలు కూడా సూట్‌కేసులోకి పోతున్నాయి. "నెలకేనా, శాశ్వతంగానా?" అని వేళాకోళం ఆడాను. మంజుల నవ్వలేదు.

రెండు వారాలు గడిచాక ఒక ఆదివారం వచ్చింది. రాత్రంతా వాన, కిటికీల్లోంచి చలి కొడుతోంది. తెల్లారుజామున నొప్పితో లేచాను. మేడ మీద వాన పడుతుంటే వెళ్ళలేక బాత్రూంలో బకెట్ నింపుకుని మగ్గుతో పోసుకున్నాను. తగ్గలేదు. మళ్ళీ పోసుకున్నాను. ఎప్పుడూ ఇంతసేపు ఉండేది కాదు. ఫ్రిజ్‌లోంచి ఐసు తీసి తువ్వాల్లో చుట్టి పెట్టుకున్నాను. ఛీ, ఎంత మూర్ఖుణ్ణో! కాసేపటికి పిక్కల్లోంచి, తొడల్లోంచి పాత నొప్పి కూడా లేచింది. ఎండ వచ్చింది. కింద పాలవాడు హారన్ కొట్టాడు, ఎవరింట్లోనో కుక్కర్ కూసింది. నేను బాత్రూం గోడకి తల ఆనించి "దిగు, దిగు" అంటూ ఏడుస్తున్నాను.

కింది వాటాలో రఫీ ఉంటాడు. కడప కుర్రాడు, మా ఆఫీసే. ఇంకా పెళ్ళి కాలేదు. ఆదివారం దోసెలకి పోదామని తలుపు కొట్టాడు. లుంగీ మీద దుప్పటి చుట్టుకుని తలుపు తీశాను.

"ఏందన్నా, జ్వరమా?"

"కడుపునొప్పి."

పాపం పరుగెత్తి సోడా తెచ్చాడు. తాగాను. కూర్చోలేక నిలబడ్డాను, నిలబడలేక గోడ పట్టుకున్నాను. వాడు నా మొహం చూసి "కడుపు కాదన్నా ఇది, ఏందో చెప్పు" అన్నాడు. చెప్పాను. వాడు ఒక్క క్షణం నవ్వబోయి, నా కళ్ళలో నీళ్ళు చూసి ఆగిపోయాడు.

"పొద్దున్నుంచీనా?"

"తెల్లారకముందు నుంచి."

"నీయబ్బ, ఇంకా నిలబడి ఉండావే! పద పద" అని చెప్పులు కూడా నన్ను వేసుకోనివ్వకుండా తనే తొడిగి, కారు తీశాడు.

ఆస్పత్రి కౌంటర్లో

దగ్గర్లో ఉన్న ఆస్పత్రికి పోయాం. కౌంటర్లో అమ్మాయి ఏం సమస్యని అడిగింది. నా వెనక పది మంది. పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు, ముసలమ్మలు. "యూరిన్ ప్రాబ్లం" అన్నాను. ఆమె మామూలు డాక్టరుకి టోకెన్ రాసి కూర్చోమంది. కూర్చునే పరిస్థితా నాది! కుర్చీ అంచున ఒరిగి, ఒళ్ళో ఫైలు అడ్డం పెట్టుకున్నాను. పక్కనున్న అవ్వ "ఏనాయ్తప్పా" అని, ఏమైందని కన్నడంలో అడుగుతూ నా భుజం నిమిరింది. ఆవిడకేం చెప్తాను! పళ్ళు బిగబట్టి తలూపాను. టోకెన్లు ఒక్కొక్కటే కదులుతున్నాయి, జలుబులూ దగ్గులూ లోపలికి పోయి వస్తున్నాయి. నా చేతులారా నేనే నా ఆలస్యాన్ని పెంచుకుంటున్నానని తెలుసు. అయినా లేచి ఆ అమ్మాయి దగ్గరికి పోయి అసలు మాట చెప్పలేకపోయాను. ఇది చదివేవాళ్ళు ఎప్పుడైనా ఆ కుర్చీలో ఉంటే, దయచేసి నాలాగా చేయకండి. "సికిల్ సెల్ ఉంది, అంగం గట్టిపడి గంటలైంది, దిగడం లేదు" అని చెప్పండి. ఎవరు వింటే ఏం?

చివరికి రఫీ తట్టుకోలేక కౌంటర్ దగ్గరికి పోయి ఆ మాట గట్టిగానే చెప్పేశాడు. హాల్లో సగం మంది తలలు తిప్పారు. నాకు భూమిలోకి పోవాలనిపించింది. కానీ రెండు నిమిషాల్లో స్ట్రెచర్ వచ్చింది.

అత్యవసరం గదిలో కుర్ర డాక్టరు. "ఏ మాత్ర వేసుకున్నారు? నిజం చెప్పండి."

"ఏ మాత్రా వేసుకోలేదు."

"భార్య ఎక్కడ?"

"పుట్టింట్లో. ఆషాఢం."

ఆయనా పక్కనున్న నర్సూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాకు అర్థమైంది. పెళ్ళాం ఊళ్ళో లేదు, వీడు ఏదో మింగి ఎక్కడికో పోయొచ్చాడు. అంత నొప్పిలోనూ నాకు ఒళ్ళు మండింది. "నాకు సికిల్ సెల్ సార్! పుట్టినప్పటి నుంచీ!" అని అరిచాను. ఆయన నా వైపు తిరిగాడు. ఎప్పుడు మొదలైందని అడిగాడు, చెప్పాను. గోడ గడియారం చూసి, గొంతు మార్చి, "సారీ" అన్నాడు. ఇక్కడ యూరాలజిస్టు ఆదివారం ఉండరనీ, వెంటనే పెద్దాస్పత్రికి పోవాలనీ తనే ఫోన్ చేసి అంబులెన్సు ఎక్కించాడు. మంచివాడే.

పెద్దాస్పత్రిలో యూరాలజిస్టు ఆడమనిషి. నేను మొహం తిప్పుకున్నాను. ఆవిడ మా తెలుగే, ముక్కుసూటి మనిషి. "సిగ్గుపడే టైం లేదు సింహాద్రి. రక్తం లోపలికి పోయింది, బయటికి రావడం లేదు. ఎంత ఆలస్యమైతే లోపలి కండ అంత చచ్చిపోతుంది. నేను దింపుతాను. మళ్ళీ ఎప్పటిలా పనిచేస్తుందా అంటే ఇవాళ మాటివ్వలేను. మీ భార్యతో కూడా మాట్లాడాలి, పిలిపించండి" అంది.

ఆ మాట విన్నాక నొప్పి కూడా దూరమైపోయింది. పనిచేయకపోతే? ముప్ఫై ఏళ్ళు కూడా నిండా రాలేదు, పెళ్ళయి మూడు నెలలు. మంజుల నాతో ఎందుకుంటుంది? ఉండమని ఏ మొహంతో అడుగుతాను?

"రఫీ, అమ్మకి ఫోన్ చెయ్యి" అన్నాను.

"అమ్మ పార్వతీపురంలో ఉందన్నా. వదిన యలహంకలో ఉంది. నువ్వు ఎవర్ని కట్టుకున్నావ్?"

"మంజుల వద్దు. వాళ్ళమ్మకి తెలుస్తుంది. ఆషాఢం..."

"ఆషాఢం లేదు, గీషాఢం లేదు" అని వాడు ఫోన్ తీసుకుని బయటికి పోయాడు.

మంజుల, వాళ్ళమ్మ వచ్చేసరికి నన్ను థియేటర్ బయట పడుకోబెట్టి ఉన్నారు. మధ్యలో ఒక పచ్చ తెర. అవతల డాక్టరమ్మ వాళ్ళిద్దరికీ అంతా చెప్తోంది. ఒక్క మాట కూడా నాకు వినపడకుండా పోలేదు. ఎప్పటి నుంచో తెల్లారుజాముల్లో వస్తోందట, ఎవరికీ చెప్పలేదట, చన్నీళ్ళు పోసుకునేవాడట. మంజుల ఒక్కసారిగా భోరుమంది. నేలమీద కూలబడి ఏడుస్తోంది. అంతే, అయిపోయింది అనుకున్నాను. కళ్ళు మూసుకున్నాను.

తెర కదిలింది. మంజుల కాదు, నారాయణమ్మగారు. నేను దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాను.

"నొప్పి ఎట్లుండాదప్పా?"

ఏమనాలో తెలీక "మీరు నా ముందుకు రాకూడదు కదా అత్తమ్మా, ఆషాఢం" అన్నాను. పిచ్చివాగుడు.

"అది ఇంటి గడపకి. ఈడ గడప యాడుండాది?" అని ఆవిడ తన శాలువా తీసి నా పాదాలకి చుట్టింది. "కాళ్ళు ఇంత సల్లగుండాయే, ఎవురూ చూడలేదా" అని నర్సు మీద కేకలేసింది. ఆవిడ కప్పిన ఆ శాలువాతోనే నన్ను లోపలికి తోసుకుపోయారు.

లోపల ఏం చేశారో రాయను. అవసరం లేదు. సూదులు ఉంటాయి, మత్తిస్తారు, భరించొచ్చు. ఇంట్లో కూర్చుని భరించినదానికంటే చాలా తక్కువ.

శ్రావణం

నొప్పి పోయింది. దానితోపాటు అంతా పోయింది. తెల్లారుజామున మెలకువ వస్తే అక్కడ ఏమీ ఉండేది కాదు. ఇన్నేళ్ళూ దిగమని ఏడ్చినవాడిని, ఇప్పుడు కనీసం కదలమని దేవుళ్ళకి మొక్కుకున్నాను. నెలలు పట్టొచ్చు, అసలు రాకపోనూ వచ్చు, ఓపిక పట్టమని డాక్టరమ్మ చెప్పింది. ఓపిక అని చెప్పడం తేలిక. నేను మంజులతో సరిగ్గా మాట్లాడేవాడిని కాదు, పెట్టిన కంచం ముందు నుంచి లేచిపోయేవాడిని.

అమ్మ రైలెక్కి వచ్చేసింది. మంజుల ఆషాఢం పోకముందే సూట్‌కేసుతో హెబ్బగోడికి తిరిగొచ్చింది. వాళ్ళమ్మ కూడా అభ్యంతరం చెప్పలేదు. చిన్న ఇల్లు. అమ్మకి ఏదో ఆపరేషన్ అని మాత్రమే చెప్పాం. అమ్మ తనకి తోచిందేదో ఊహించుకుని, ఒక మధ్యాహ్నం నాకు అన్నం వడ్డిస్తూ అంది. "ఇన్నాళ్ళూ లేని రోగం పెళ్ళయ్యేకే వచ్చిందేటిరా? ఏ వేళ కాలెట్టిందో." మంజుల వంటింట్లోనే ఉంది. గిన్నె తోముతున్న చప్పుడు ఆగిపోయింది.

ఎప్పటిలా ఊరుకుంటే సరిపోతుంది. అమ్మ రెండు రోజులు గొణిగి మరిచిపోతుంది. కానీ వంటింట్లో ఆ నిశ్శబ్దం భరించలేకపోయాను.

"పెళ్ళయ్యాక కాదమ్మా. ఇంటర్ నుంచీ ఉంది."

"ఏటున్నాది?"

చెప్పాను. కంచంలోకి చూస్తూ, మా అమ్మతో, ఆ మాటే చెప్పాను. అమ్మ గరిట పట్టుకుని అలాగే నిలబడింది. "నాతోటి సెప్పలేదేరా?" అంది. "నీ ఒంట్లో నాకు తెలీని నొప్పుందేటి?" అని అక్కడే కూర్చుని ఏడ్చింది. ఆ ఏడుపు చూడలేక నేనూ ఏడ్చాను. సాయంత్రం అమ్మే మంజులకి తల దువ్వి పూలు పెట్టింది. క్షమించమనే మాట మా ఇళ్ళల్లో ఎవరూ అనరు, అలా పూలు పెడతారు.

తర్వాతి వారం డాక్టరమ్మ దగ్గరికి ముగ్గురం పోయాం. నా పేరు పిలవగానే అలవాటు ప్రకారం అమ్మ సంచీ భుజాన వేసుకుని లేచింది. మంజుల తనకి చోటు లేదన్నట్టు కూర్చునే ఉంది.

"అమ్మా, నువ్వు బయట కూర్చో. మంజుల వస్తుంది."

అమ్మ మొహం చిన్నబోయింది. కుర్చీలో కూర్చుని సంచీ ఒళ్ళో పెట్టుకుంది. లోపలికి పోయాక కూడా నాకు ఆ మొహమే కనపడుతోంది.

లోపల నేను మళ్ళీ మూగవాడినయ్యాను. మంజులే అడిగింది. "మేడం, తిరిగి వస్తుందా? పిల్లలు అవుతారా? మళ్ళీ ఆ నొప్పి వస్తే మేమేం చెయ్యల్ల?" ఒక్క గుక్కలో అడిగేసింది. డాక్టరమ్మ అన్నీ నిదానంగా చెప్పింది. రాత్రిపూట వేసుకోవడానికి ఒక మాత్ర ఇచ్చింది, రక్తం డాక్టరుతో కూడా మాట్లాడతానంది. చన్నీళ్ళు, ఐసు జోలికి పోవద్దంది. నొప్పి వస్తే బాగా నీళ్ళు తాగాలి, మూత్రానికి పోవాలి, మెల్లగా నడవాలి, గోరువెచ్చని నీళ్ళు పోసుకోవాలి. అయినా తగ్గకుండా గంటా రెండు గంటలు దాటుతుంటే, తెల్లారనీ అని ఆగకుండా రావాలి. మగతనం పెంచుతాయని బజార్లో అమ్మే మాత్రలు ముట్టుకోకూడదు. "పిల్లల సంగతి తర్వాత చూద్దాం, దారులున్నాయి. ముందు మీ ఇద్దరూ మాట్లాడుకుంటున్నారా?" అని అడిగింది. ఇద్దరం నేల చూపులు చూశాం.

ఆ రోజే సాయంత్రం మేనమామ మంజులకి ఫోన్ చేశాడు. ఏమన్నాడో నాకు వినపడలేదు గానీ తెలుసు. ఆమె ఫోన్ పెట్టేశాక, నేను రోజూ మనసులో వల్లె వేసుకుంటున్నది బయటికి అనేశాను. "మీ మామ అనేది నిజమే మంజూ. వెళ్ళిపో. నేను ఏమీ అనుకోను. నీ వయసెంత, నీకేం ఖర్మ."

మంజుల లేచి నిలబడింది. కొడుతుందనుకున్నాను.

"నేను ఎప్పుడో పోయింటిని. నీకు తెల్దు."

"ఎక్కడికి?"

"ఆషాఢంలో. తిరిగి రాకూడదనే పోయింటిని. నువ్వు దినామూ చీకట్లో ఫోను ఎత్తుకొని మేడ మీదకి పోతా ఉంటివి. నన్ను తాకవు. ఎవతెనో పెట్టుకొని ఉండావనుకొంటిని. మా అమ్మకి కూడా అదే చెప్తిని. శ్రావణం వస్తే లాయరు దగ్గరికి పోదామని ఇద్దరం అనుకొని ఉంటిమి."

నేను తలెత్తి ఆమె మొహం చూశాను.

"ఏమైందో చెప్పకుండా ఆస్పత్రికి రమ్మని రఫీ ఫోన్ చేస్తే, ఇంకేముంది, ఎవర్దో ఇంట్లో దొరికిండాడు, తన్నిండారు అనుకొనే వస్తిమి ఇద్దరం. మా అమ్మ నిన్ను కడిగేయాలనే వచ్చింది. ఆ డాక్టరు అంతా చెప్పినాక నాకు..." ఆమె మొహం పక్కకి తిప్పుకుంది. "నాకు సంతోషమైంది. నువ్వు లోపల చస్తా ఉండావు, నాకేమో సంతోషం. అయ్యో, ఇదేనా, ఇంతేనా అని. ఎంత పాపిష్టిదాన్ని నేను! ఆ ఏడుపు ఏడిస్తే నువ్వేమనుకొంటివో?"

"అంతా అయిపోయిందనుకున్నాను."

"నీ మొగం!" అంది. తర్వాత నా పక్కన కూర్చుని నా చొక్కా పట్టుకుని ఏడ్చింది. "ఆడదాన్ని పెట్టుకొన్నా క్షమించిందునేమో, చెప్పకుండా అంత నొప్పి పడినావే, అది ఎట్లా క్షమించేది?" అంది.

కార్తీకం

అమ్మ ఊరికి వెళ్ళిపోయింది. పోయే ముందు నన్ను పక్కకి పిలిచి, "ఇకమీద లోపలికి మంజుల్ని తీసుకెళ్ళు, నాకు ఫోన్లో సెప్పు చాలు" అంది. కాసేపు ఆగి, "విరేచనం సంగతి మాత్రం మర్చిపోకుండా సెప్పు ఆ డాక్టరుకి" అంది.

మధ్యలో రెండుసార్లు ఆ తెల్లారుజాము నొప్పి వచ్చింది. రెండుసార్లూ మంజుల్ని లేపాను. నీళ్ళు కాచి ఇచ్చింది, నాతో పాటు నడిచింది, గడియారం వంక చూస్తూ కూర్చుంది. రెండుసార్లూ తగ్గిపోయింది. ఆస్పత్రి కాగితాలు, ఛార్జరు, ఒక దుప్పటి ఎప్పుడూ ఒక సంచీలో సర్ది తలుపు దగ్గరే పెట్టింది. నొప్పి వచ్చి పోయేదే తప్ప, మామూలు మగాడికి ఉండేది మాత్రం తిరిగి రాలేదు. మేం దాని గురించి మాట్లాడటం కూడా తగ్గించేశాం. మంజుల అలవాటు పడుతోందని నాకు తెలుస్తోంది, నేను మాత్రం అలవాటు పడలేకపోతున్నాను. ఆమె నిద్రలో నా మీద చెయ్యి వేస్తే, నన్ను చూసి జాలి పడుతోందేమో అన్న అనుమానం వచ్చి ఒళ్ళు బిగుసుకుపోయేది.

ఒక తెల్లారుజామున మెలకువ వచ్చింది. గట్టిపడి ఉంది. ఇప్పుడు వస్తుంది నొప్పి, ఇప్పుడు వస్తుంది అని దుప్పటి గుప్పిట్లో బిగించి పట్టుకుని పడుకున్నాను. రాలేదు. కాలు మడిచి చూశాను. దుప్పటి తగిలి చూశాను. రాలేదు. భయంతో మంజుల భుజం పట్టుకుని ఊపాను.

"మంజూ, లే."

ఆమె ఒక్క ఉదుటున లేచింది. లైటు వేసింది, జుట్టు ముడేసింది, తలుపు దగ్గరికి పరుగెత్తి, గడియ తీసి, సంచీ భుజాన వేసుకుంది. "ఎంత సేపయింది? రఫీని లేపేదా? నీళ్ళు తాగితివా?"

"మంజూ."

"చెప్పు, ఎంత సేపయింది?"

"నొప్పి లేదు."

ఆమె సంచీతోనే నిలబడి నన్ను చూసింది. అర్థం కాలేదు. "నొప్పి లేకుంటే నన్నెందుకు..." అని సగంలో ఆగింది. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియడం లేదు. ఆమె దగ్గరికి వచ్చి నా మొహంలోకి చూసింది.

"నిజంగానా?"

"నిజంగా."

"చెప్పే తీరు ఇదేనా? గుండె ఆగిపోయింది నాకు!" అని దిండు తీసి నన్ను కొట్టింది. రెండు దెబ్బలు కొట్టి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

తర్వాత మంజుల సంచీ కింద పెట్టి, లైటు ఆపి, తలుపు గడియ వేసి వచ్చింది.